తమ్ముడి క్యారెట్లు, నా కామెర్లు

నేను చదివింది ఐదో తరగతి వరకే. జాకెట్టు గుడ్డ మీద కత్తెర పెట్టేటప్పుడు నాకు తడబాటు ఉండదు. ఈ కాగితం ముందు కూర్చుంటే మాత్రం ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాను. మొన్న మా కొట్లో కుట్టు నేర్చుకునే ఒక అమ్మాయి మధ్యాహ్నం డబ్బా తెరిచింది. లోపల పచ్చి ముల్లంగి, పచ్చి బీన్సు, కడిగీ కడగని ఆకులు ఉన్నాయి. "వండకుండా తింటే ఒళ్ళు తగ్గుతాదంట అక్కా" అంది. ఆ పిల్లను కూర్చోబెట్టి చెప్పిన సంగతే ఇప్పుడు రాస్తున్నాను. ఇన్నేళ్ళయినా చెప్పేటప్పుడు సగం నవ్వొస్తుంది, సగం భయమేస్తుంది. ఇందులో రెండూ ఉంటాయి, సర్దుకోండి.

1997, జూన్ నెల

మాది పుంగనూరు దగ్గర ఒక చిన్న పల్లె. నాయన చెనక్కాయలు, టమోటాలు పండించేవాడు. మా పక్క మగపిల్లవాడు టౌనులో కాలేజీలో చేరితే ఒక రూము బాడుగకు తీసిస్తారు. ఆ రూములో వండిపెట్టడానికి అవ్వనో అక్కనో తోడు పంపుతారు. మా అవ్వ అప్పటికే పోయింది. అందుకని మా తమ్ముడు చంద్ర మదనపల్లిలో డిగ్రీలో చేరినప్పుడు నన్ను పంపారు. వాడి చేతిలో పుస్తకాల సంచి, నా చేతిలో కిరసనాయిలు స్టవ్వు.

మేమున్న రూము షకీలక్క ఇంటి వెనక భాగం. ముందు గదిలో ఆమె కుట్టు మిషను ఉండేది. చంద్ర కాలేజీకి పోయాక నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చునేదాన్ని. మొదట గుండీలు కుట్టించింది, తర్వాత అంచులు మడిపించింది. ఒకరోజు లేచి, "కూర్చో, తొక్కు" అంది. ఆ మిషను మీద కాళ్ళు పెట్టిన పూటే అనుకున్నాను, ఇది పూర్తిగా నేర్చుకోకుండా ఈ ఊరు వదలకూడదని. కానీ నాయన నన్ను పంపింది వంటకు, కుట్టుకు కాదు. చంద్రకు వంట కావలసినన్నాళ్ళే నాకు మదనపల్లి. వంట వద్దంటే మరుసటి బస్సుకు పల్లె.

పల్లెకు పోయినప్పుడల్లా ఒకటే తంతు. బస్సు దిగగానే అమ్మ చంద్ర గడ్డం పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసేది. "సిక్కిపోయినాడే బిడ్డ" అనేది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ సంచి ఇట్లా తే" అనేది.

ఆషాఢమాసం

కాలేజీ వాళ్ళు పిల్లలను హార్స్లీ హిల్స్ మీద క్యాంపుకు తీసుకుపోయారు. అక్కడికొచ్చిన ఒక ప్రకృతి వైద్యుడు ఏం చెప్పాడో ఏమో, చంద్ర కొండ దిగేసరికి వేరే మనిషైపోయాడు.

"అక్కా, రేపట్నించి స్టవ్వు ముట్టీయొద్దు."

"యాల? కిరసనాయిలు అయిపోయిందా?"

"వండితే తిండి సచ్చిపోతాది. సచ్చిన తిండి మనం తినగూడదు."

"మరి పానం ఉండగానే కొరికి తింటే పాపం గాదా?"

వాడికి నవ్వు రాలేదు. పచ్చివి తింటే జబ్బులు రావని, బుర్ర బాగా పనిచేస్తుందని, అన్నిటికంటే ముఖ్యంగా ఖర్చు తగ్గుతుందని చెప్పాడు. ఆ చివరి మాట నాకూ నచ్చింది. నాయన పంపే డబ్బు నెల సగానికే అయిపోయేది. కిరసనాయిలు కోసం క్యూలో నిలబడే పని కూడా తప్పుతుంది. ఇంకో మాట పైకి అనలేదు గానీ మనసులో అనుకున్నాను. వంట లేకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను నాదే.

"సరే గానీ, ఇంట్లో మాత్రం సెప్పొద్దు. నువ్వు పచ్చివి తింటాండావని తెలిస్తే నాయన నన్ను పిలిపించేస్తాడు" అన్నాను.

"నేనేం సెప్పను" అన్నాడు.

అలా మా రూములో పచ్చి తిండి మొదలైంది. ఇంటి నుంచి తెచ్చిన చెనక్కాయ విత్తనాలు నానబెట్టేదాన్ని. పెసలు గుడ్డలో కట్టి మొలకలెత్తించేదాన్ని. టమోటాలకు మదనపల్లిలో కరువేముంది, ధర పడిపోయిన రోజు ఊరికే ఇచ్చేవాళ్ళు. క్యారెట్లు కోలారు వైపు నుంచి వచ్చేవి. రెండు కాళ్ళు, మూడు కాళ్ళు మొలిచిన వంకర క్యారెట్లను హోటళ్ళ వాళ్ళు కొనరు. మార్కెట్టు ముగిసే వేళకు వాటిని కుప్పలుగా పోసి చౌకగా ఇచ్చేసేవాళ్ళు. చంద్ర సంచి నిండా తెచ్చేవాడు. చదువుతూ కరకర, నడుస్తూ కరకర. నాకు పిప్పి పన్ను ఉండేది, క్యారెట్టు కొరకలేకపోయేదాన్ని. టమోటాలు, మొలకలతోనే కాలం గడిపాను.

షకీలక్కకు అనుమానం వచ్చింది. "ఏం వేణీ, మీ ఇంట్లో తాలింపు వాసనే లేదు. మీ తమ్ముడు కుందేలైపోయినాడా ఏంది?"

అన్నీ కడిగేదాన్ని, కడగలేదని కాదు. పెరట్లో సిమెంటు తొట్టి ఉండేది. కొళాయి వచ్చిన రోజు నింపి పెట్టుకుంటే మళ్ళీ వచ్చేదాకా అవే నీళ్ళు. వండుకున్నన్నాళ్ళు ఆ నీళ్ళు అన్నంలోనూ పప్పులోనూ మరిగి తెర్లేవి. ఇప్పుడు ఆ నీళ్ళలోనే పెసలు నానేవి, ఆ నీళ్ళతోనే టమోటాలు కడిగేదాన్ని. అడుగున పాచి ఉందని తెలుసు. పైనీళ్ళు తేటగా ఉన్నాయి కదా అనుకున్నాను.

శ్రావణమాసం

మొదట కాళ్ళలో బలం పోయింది. నాలుగు అంగుళాలు కుట్టేసరికి ఆయాసం వచ్చేది. తర్వాత షకీలక్క వంటింట్లో నూనె కాగే వాసన వస్తే చాలు, పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకునేదాన్ని. చంద్రకు చెబితే వాడి ముఖం వెలిగిపోయింది.

"మంచిదే అక్కా! విషాలు బయటికి పోతాండాయి. ఇన్నేండ్లు వండింది తిన్న విషం అదంతా."

"తల తిరగతాందిరా."

"తలలో ఉండే విషం అది."

"మరి నీకేం కాలేదే?"

వాడు దిగులుపడ్డాడు. "అదే నాకూ అర్థం గాలేదు. నాకింకా పోనే లేదు" అని ఇంకో క్యారెట్టు తీసుకున్నాడు.

ఒంటేలు కాఫీ డికాషన్ రంగులో పోయింది. అది కూడా విషమే అన్నాడు. నేను నమ్మాను. నమ్మకపోతే పల్లెకు పోయి పడుకోవాలి. అప్పుడే షకీలక్క జాకెట్టు కత్తిరించడం నేర్పిస్తానని మాటిచ్చింది. చవితి పండగ తర్వాత సోమవారం మొదలుపెడదామంది.

వినాయక చవితి

పండగకు పుంగనూరులో బస్సు మారి ఇంటికి పోయాం. అమ్మ ఎప్పటిలాగే చంద్ర గడ్డం పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. వాడి అరచేతులు తిప్పి చూసింది. పసుపు నూరిన చేతుల్లా ఉన్నాయి. ముక్కు మీద, చెంపల మీద కూడా అదే రంగు. రోజూ చూసే నాకు అది తెలియనే లేదు.

"అయ్యో దేవుడా! బిడ్డకు కామెర్లు!"

"క్యారెట్లు తిన్నాలే అమ్మా, ఆ రంగు అది" అన్నాడు చంద్ర.

"క్యారెట్లు తింటే మనుసులు పచ్చబడతారా? సొరకాయ తిన్నోళ్ళంతా తెల్లబడినారా?" అని అమ్మ ఏడుపు అందుకుంది. కుడుములు పక్కన పెట్టేసింది. నన్ను చూసి, "ఏం వండి పెడతాండావే నువ్వు వానికి?" అని అరిచింది. నేను కుడుముల మీద మూత సర్దాను. పచ్చి తిండి సంగతి చెబితే మిషను పోయినట్టే.

మా పక్క కామెర్లు అనుమానం వస్తే ఒక పరీక్ష చేస్తారు. మనిషి ఒంటేలు సీసాలో పట్టి, నాలుగు అన్నం మెతుకులు వేసి కాసేపు ఉంచుతారు. మెతుకులు పచ్చబడితే కామెర్లు, తెల్లగా ఉంటే లేదు. అమ్మ ఖాళీ సీసా తెచ్చి చంద్ర చేతిలో పెట్టింది.

"నేను సైన్సు చదివేవాణ్ణి. ఉచ్చలో మెతుకులేందమ్మా?"

"సైన్సోళ్ళకు ఉచ్చ రాదా? పో, గడ్డివామి ఎనక్కి పో!"

వాడు పోయాడు. చాలాసేపు రాలేదు. అమ్మ నన్ను పంపింది. వామి వెనక వాడు ఖాళీ సీసా పట్టుకుని ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

"రాలేదక్కా. అమ్మ ఆడ్నే నిలబడి ఎదురుసూస్తాంటే ఎట్లొస్తాది?"

"ఒరే, మెతుకులు తెల్లగా ఉంటే అమ్మ ఊరుకుంటాది. సోమవారం బస్సెక్కేయొచ్చు. ఏదో ఒకటి సెయ్యరా!"

"నువ్వే సెయ్యి" అని సీసా నా చేతిలో పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు.

చేశాను. నాకు జబ్బు ఉందని నాకేం తెలుసు? నాది విషం కదా, పోతోంది కదా! చంద్ర సీసా తీసుకుపోయి అమ్మకిచ్చాడు. మధ్యాహ్నం అన్నాలప్పుడు అమ్మ సీసా వెలుతురుకు పెట్టి చూసింది. పులిహోర మెతుకుల్లా ఉన్నాయి.

అమ్మ గుండెలు బాదుకుంది. నేను, చంద్ర ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత తెలివొచ్చింది. అవి నా మెతుకులు.

చంద్ర నన్ను పక్కకు లాగాడు. "అక్కా, సెప్పేద్దాం."

"వద్దురా. సెప్తే నన్ను మళ్ళీ మదనపల్లికి పంపరు. కొంచెం ఓర్సుకో. నాకు అదే తగ్గిపోతాది."

వాడు ఓర్చుకున్నాడు. నాకు వచ్చిన కామెర్లకు వాడు పత్యం తిన్నాడు. ఉప్పు లేని అన్నం, పల్చటి మజ్జిగ. రెండు నెలలు పొయ్యి మీది తిండి ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి నా ముఖం చూస్తూ ఆ చప్పిడి మెతుకులు మింగాడు. పక్కనే కూర్చుని నేను వడ్డించాను. అమ్మ నాకు ఎర్రగా తాలింపు వేసిన పప్పు పెట్టింది. అది చూసి నేను బయటికి పరిగెత్తాను.

"వానికి కామెర్లొస్తే నీకు వాంతులేందే?" అంది అమ్మ.

కుప్పం ప్రయాణం

శాంతిపురం దాటి కుప్పం పోయే దారిలో ఒక పల్లెలో మునెప్ప అనే ఆయన కామెర్లకు పసరు పోసి, ముంజేతి మీద వాత పెడతాడని అమ్మకు ఎవరో చెప్పారు. చంద్రను, నన్ను తీసుకుని బస్సెక్కింది. నన్ను తీసుకుపోయింది వాణ్ణి పట్టుకోవడానికి. బస్సు కుదుపులకు నా ప్రాణం పోయింది. చంద్ర కిటికీ సీటు నాకిచ్చాడు. "జబ్బు మనిసికి గాలి తగలనీ" అని అమ్మ నన్ను లేపి మళ్ళీ వాణ్ణే కూర్చోబెట్టింది.

మునెప్ప ఇంటి ముందు చాలామంది కూర్చున్నారు. అందరూ ఒకరి రంగు ఒకరు చూసుకుంటున్నారు. ఒక పెద్దామె చంద్ర చెయ్యి పట్టుకుని మెచ్చుకుంది. "మీ వానిది బలే ముదిరిందమ్మా! మావాడు దీని ముందర యాడికీ చాలడు." అమ్మకు ఏడవాలో ఏమనాలో తెలియలేదు.

మా వంతు వచ్చింది. నిప్పుల్లో ఇనుప కడ్డీ కాలుతోంది. అమ్మ చెప్పిన సీసా సంగతి మునెప్ప విన్నాడు, చంద్ర అరచెయ్యి చూశాడు, తలూపాడు. "గెట్టిగా పట్టుకోమ్మా" అని నాతో అన్నాడు. నేను చంద్ర మోచెయ్యి పట్టుకున్నాను. వాడు నా వైపు చూశాడు, పళ్ళు బిగించాడు గానీ నోరు తెరవలేదు. కడ్డీ నిప్పుల్లోంచి పైకి లేచింది. కొస ఎర్రగా ఉంది.

"అది నాది!" అని అరిచాను.

అందరూ కడ్డీ వైపు చూశారు.

"కడ్డీ గాదు! సీసాలోది! ఆ సీసాలోది నాది. వానిది గాదు!"

కూర్చున్నవాళ్ళంతా నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూశారు. మునెప్ప ఒక్కడే ఏమాత్రం తొణకలేదు. "ఎవురిదైతే ఏముందమ్మా, కడ్డీ కాలింది. నువ్వొచ్చి కూర్సో" అని పీట జరిపాడు.

అమ్మ అప్పుడు నా దగ్గరికొచ్చింది. కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. బొటనవేలితో నా కింది రెప్ప లాగింది. ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను. ఆమె చెయ్యి జారిపోయింది.

"బంతిపువ్వులే..." అంది. "ఇన్నాళ్ళూ నా పక్కనే ఉండావు గదే!"

చంద్ర నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఈమెకు వాత వద్దు. ఆస్పత్రికి పోదాం." మునెప్ప కాదన్నాడు, క్యూలో ఉన్నవాళ్ళు కాదన్నారు. చివరికి అమ్మ తన చేతి గాజులు పైకి తోసింది. ముంజేతి మీద చిన్నప్పుడు పెట్టిన పాత వాత, నల్లగా ముడుచుకుపోయి ఉంది.

"ఇది ఇప్పటికీ ముసురు పడితే సలపతాది. ఇంకో ఆడబిడ్డకు యాల?" అని నన్ను లేపింది.

కుప్పం ఆస్పత్రి

ఆస్పత్రి వరండాలో బెంచీలు నిండిపోయి ఉన్నాయి. మేం నేల మీద కూర్చున్నాం. డాక్టరమ్మ ముందు చంద్రను చూసి నవ్వింది. "రోజుకు ఎన్ని క్యారెట్లు తింటాండావు?" వాడు సిగ్గుపడుతూ చేత్తో కుప్పంత చూపించాడు. "నీకు జబ్బేం లేదు. కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉండాది. క్యారెట్లు తగ్గిస్తే ఈ రంగు పోతాది" అంది. నన్ను చూసినప్పుడు నవ్వలేదు. రక్తం తీయించింది, మంచం మీద పడుకోబెట్టమంది.

తొట్టి నీళ్ళ సంగతి అంతా అడిగి తెలుసుకుంది. "తప్పు పచ్చి తిండిది గాదమ్మా, దాన్ని కడిగిన నీళ్ళది. ఇది నీళ్ళతో వచ్చే కామెర్లు, తిన్నోళ్ళందరికీ రాదు" అంది. చంద్ర గోడకేసి తిరిగి నిలబడ్డాడు. పోతున్నవి విషాలు కావని, వాడు నాకు పెట్టించినవే విషాలని ఆ పూట వాడికి తెలిసింది.

నవ్వు రాని రోజులు కూడా ఉన్నాయి. దురద వల్ల ఒళ్ళు చీరుకునేదాన్ని. ఏది నోట్లో పెట్టినా నిలిచేది కాదు. అవతలి వార్డులో ఒకామెకు దుప్పటి ముఖం దాకా కప్పి తీసుకుపోయారు. ఆమెకూ కామెర్లేనని ఆయా చెప్పింది. ఆ పొద్దంతా నేను అద్దం అడగలేదు. నా గోళ్ళే చూసుకుంటూ పడుకున్నాను.

పక్క మంచం మీద తమిళనాడు సరిహద్దు పల్లె నుంచి వచ్చిన ఒకామె ఉండేది. వార్డులో ఫాను ఆమె మంచం మీదికే గాలి కొట్టేది. నాకు ఉక్కపోస్తోందని మంచాలు మార్చుకుంది. ఎందుకని అడిగితే, "నాకు సళి, పాపా" అంది. ఉక్కకు ఆమె నొసటి మీద చెమటలు కారుతూనే ఉన్నాయి.

చంద్ర ఆస్పత్రి వెనక, రోగుల వాళ్ళు వండుకునే చోట పొయ్యి ముట్టించాడు. పుట్టి బుద్ధెరిగి వాడు నిప్పు రాజేయడం అదే మొదలు. కనుబొమ్మలు కాల్చుకుని, ముఖానికి మసి పూసుకుని రాగిజావ తెచ్చాడు. అందులో ఉండలు చింతకాయలంత ఉన్నాయి. "సచ్చిన తిండేనా ఇది?" అని అడిగాను. "బాగా సచ్చింది. మూడుసార్లు తెర్లించినా. తాగు" అన్నాడు. ఆ జావ కడుపులో నిలిచింది.

దసరా, ఆ తర్వాత

ఇంటికొచ్చి లేచి తిరిగేసరికి దసరా వచ్చింది. కళ్ళు తెల్లబడ్డాయి. బలం ఇంకా రాలేదు. ఆస్పత్రిలో అమ్మ చంద్రను నిలదీసి పచ్చి తిండి సంగతంతా రాబట్టింది. దాంతో నాయనకూ తెలిసిపోయింది. సెలవులకు చంద్ర వచ్చినప్పుడు, అందరం అన్నాలకు కూర్చున్నాక నాయన తేల్చి చెప్పాడు.

"వేణి ఇంక ఈడ్నే ఉంటాది. వాడు పచ్చివి తినేవాడు గదా, ఈమెతో ఆడ పనేముంది?"

నేను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. చంద్ర తన కంచం ముందుకు జరిపాడు.

"సంగటి పెట్టమ్మా."

అమ్మ ఒక ముద్ద పెట్టింది. చెనక్కాయల చట్నీ అద్దుకుని మింగాడు. ఇంకోటి అడిగాడు. అదీ మింగాడు. మూడోది సగంలో వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆపలేదు. నాయన చెయ్యి కంచంలో ఆగిపోయింది, వాణ్ణే చూస్తున్నాడు.

"అక్క లేకుంటే నాకు ఈ ముద్ద లేదు నాయనా. ఈ ముద్ద లేకుంటే నాకు సదువు ఎక్కదు. ఇంక పచ్చివి తింటే ఒట్టు."

"నువ్వా మాట అనేది?"

"నేనే." కంచం మళ్ళీ జరిపాడు. "ఇంకోటి పెట్టమ్మా."

"సాలు లేరా, కడుపు పగులుతాది" అని నాయన నవ్వేశాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. వేలు చూపించి ఇద్దరికీ చెప్పింది. "నీళ్ళు కాంచుకోని తాగాల. ఇద్దురూ."

కార్తీకంలో మదనపల్లికి తిరిగి వచ్చాం. షకీలక్క మిషను మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీస్తే, శ్రావణంలో నేను సగం కుట్టి వదిలేసిన రైక అలాగే సూది కింద ఉంది. "ఇన్నాళ్ళూ పక్కింటి మిషను మీద కుట్టుకున్నా. నువ్వొచ్చి పూర్తి చెయ్యాలని దీన్ని కదిలించలా" అంది. కూర్చుని తొక్కాను. కుట్టు వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ కుట్టాను.

కొట్లో అమ్మాయిలకు నేను చెప్పేది ఇదే. పచ్చివి తినండి, వద్దనను. కాచిన నీళ్ళతో కడుక్కోండి. ఒంట్లో బాగాలేనప్పుడు విషాలు పోతున్నాయని ఎవరైనా సంబరపడితే, వాళ్ళను వదిలేసి ఆస్పత్రికి పోండి.

ఇప్పుడు చంద్ర ఉద్యోగం చేస్తున్నాడు. నాకు నా కొట్టు ఉంది. పండగకు ఇద్దరం కలిసే పల్లెకు పోతాం. అమ్మ ఇప్పటికీ బస్సు దగ్గరికే వస్తుంది. దిగగానే ముందు నన్ను ఎండవైపు తిప్పి నిలబెట్టి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూస్తుంది. చంద్ర తన వంతు కోసం సంచులు మోసుకుని నా వెనక నిలబడి ఉంటాడు.